జైలు డాక్టరు అడగని ప్రశ్న

జైలు డాక్టరుగా పనిచేశానని చెబితే పెళ్లిళ్లలో నా పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. పది నిమిషాలకి అదే మనిషి ఐస్‌క్రీం కప్పుతో తిరిగి వచ్చి, గొంతు తగ్గించి, లోపల నిజంగా ఎట్లా ఉంటుందండీ అని అడుగుతాడు. ఏళ్ల తరబడి ఇదే తంతు. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెబుతుంటాను. భోజనం బాగుంటే నిజం చెబుతాను.

ఈ మధ్య మా చుట్టాలమ్మాయి ఒకతె జైళ్ల శాఖలో మెడికల్ ఆఫీసరుగా చేరింది. ఫోన్ చేసి, ఏ పుస్తకం చదవమంటారు అంకుల్ అని అడిగింది. పుస్తకాల్లో ఉన్నది నీకు వచ్చు గనకే ఉద్యోగం ఇచ్చారు, వాటిలో లేనిది నేను రాసి పంపిస్తాను అన్నాను. గొప్పగా అనేశాను గానీ, రాయడానికి కూర్చున్నాక తెలిసింది, నేను చేసిన ఘనకార్యాలు ఒక పేజీకి కూడా రావని. అందుకని చేసిన తప్పు రాస్తున్నాను. దానికైతే పేజీలు బాగానే నిండేట్టున్నాయి.

గేటు దగ్గర బల్ల

మాది అనంతపురం జిల్లా. తొంభైల చివర్లో నన్ను గచ్చిబౌలి అవతల ఒక చిన్న జైలుకి వేశారు. ఇప్పుడా జైలు లేదు, ఆ స్థలంలో ఏదో కంపెనీ మేడ లేచింది. అప్పట్లో చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు. కంపెనీల కోసం రోజూ మధ్యాహ్నం ఎర్రజెండా ఊపి రాళ్లు పేల్చేవారు. ఆ సమయంలో ఎవరి బీపీ చూసినా ఎక్కువే ఉండేది, నాదానితో సహా.

పని ఏమిటంటే, పోలీసులు తెచ్చిన ప్రతి మనిషినీ లోపలికి పంపేముందు జైలు డాక్టరు చూడాలి. ఎత్తు, బరువు, ఒంటిమీద దెబ్బలు, పాత జబ్బులు, వాడే మందులు, అలవాట్లు, గుర్తుపట్టడానికి రెండు పుట్టుమచ్చలు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. గేటు లోపల ఒక బల్ల, దాని వెనక నేను, పక్కన కాంపౌండరు యాదగిరి. ఎదురుగా వరసలో కొత్తగా వచ్చినవాళ్లు, వాళ్లని తెచ్చిన కానిస్టేబుళ్లు, గేటు ఊచలు పట్టుకుని వాళ్ల చుట్టాలు. మనిషికి రెండు నిమిషాలు. సంతలో పశువుల్ని చూసినట్టు చూసేవాణ్నని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం నా అంత చురుగ్గా ఎవరూ పనిచెయ్యరని అనుకునేవాణ్ని.

యాదగిరి ఆ చుట్టుపక్కల ఊరివాడే. నాకంటే పదేళ్లు పెద్ద, నాకంటే నూరు రెట్లు లోకం తెలిసినవాడు. పుట్టుమచ్చలు వెతికే పని అతనిది. ఒకసారి కోర్టు నుంచి కబురొచ్చింది, మీ జైలు నుంచి వచ్చే ప్రతివాడికీ కుడి బుగ్గ మీదే పుట్టుమచ్చ ఎందుకుంటోందని. యాదగిరిని నిలదీశాను. అందరి ముందు అంగీ విప్పమంటే సిగ్గుపడుతున్నారు, అందుకని నేనే తలా ఒకటి పెట్టేస్తున్నాను అన్నాడు. అతన్ని అరగంట తిట్టాను. మనుషుల సిగ్గు గురించి అతను నాకో పాఠం చెప్పాడని ఆ రోజు నాకు తట్టలేదు.

దెబ్బల సంగతి మాత్రం మొదటి రోజే నేర్చుకున్నాను, ఈ ఉద్యోగానికి కొత్తగా వచ్చిన మీరూ నేర్చుకోండి. గేటు దగ్గర మీరు రాయని దెబ్బ, గేటు దాటాక మీరు కొట్టిన దెబ్బ అవుతుంది. వీపంతా కమిలిన మనిషిని తెచ్చి, స్టేషన్ బాత్రూంలో సబ్బు మీద కాలు జారాడు సార్ అంటారు. ఎన్ని స్టేషన్లు చూశానో, ఒక్క బాత్రూంలోనూ సబ్బు కనపడలేదు. ఎన్ని చారలున్నాయో లెక్కపెట్టి రాసేవాణ్ని. కానిస్టేబుల్ మొహం మాడ్చుకునేవాడు. మాడ్చుకోనివ్వండి.

నాటకాలు పట్టుకునే డాక్టరు

జైలుకి కొత్తగా వచ్చేవాళ్లలో రెండు రకాలు. జబ్బు లేకపోయినా ఉందనేవాళ్లు ఒకరు, ఉన్నా లేదనేవాళ్లు రెండోవాళ్లు. మొదటి రకాన్ని పట్టుకుంటే డాక్టరుకి పేరొస్తుంది. రెండో రకాన్ని పట్టుకున్నందుకు పేరొచ్చిన డాక్టరుని నేను చూడలేదు. నేను పేరు కోసం పనిచేసే వయసులో ఉన్నాను.

జబ్బు నటించడానికి కారణం ఉంది. పెద్ద దవాఖానకి పంపితే మంచం ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, ఇంటి నుంచి కూర గిన్నె వస్తుంది. అందుకని మా జైల్లో గుండెనొప్పి లేని మొగవాడు ఉండేవాడు కాదు. నేను స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకోకుండానే ఛాతీ మీద ఆనించి, తల ఊపి, ఇక్కడ నొక్కితే ఎడమ మోకాలు లాగాలే అనేవాణ్ని. లాగుతోంది సార్ అనేవాళ్లు. అయితే లోపలికి నడువు అనేవాణ్ని.

వీళ్లందరిలోకి ఘనుడు తాళాల సత్తయ్య. నిజాంపేట వైపు హాస్టళ్ల గదులు తెరిచి గడియారాలు, పెట్టెలు పట్టుకుపోతాడని కేసు. గేటు దాటగానే దబ్బున పడి మూర్ఛ మొదలుపెట్టాడు. నోట్లో నురగ కూడా తెప్పించాడు. స్టేషన్లలో లేని సబ్బు అతనికి ఎక్కడ దొరికిందో దేవుడికే తెలియాలి. నేను తాపీగా యాదగిరితో, నిజమైన మూర్ఛ అయితే ఎడమ కాలు కూడా కొట్టుకోవాలయ్యా, ఇతనికి కుడికాలు ఒక్కటే కొట్టుకుంటోంది అన్నాను. మరుక్షణం ఎడమ కాలు అందుకుంది. గేటు గేటంతా నవ్వింది. సత్తయ్య ఒక కన్ను తెరిచి చూసి, లేచి, బట్టలు దులుపుకుని నాకు దండం పెట్టాడు. ఆ తర్వాత కొత్తగా వచ్చినవాళ్లందరికీ తనే చెప్పేవాడు, గీ సారు ముంగట మన ఆటలు సాగవు అని. నాకు ఒళ్లు పొంగిపోయేది.

ఇక మా సూపరింటెండెంటు గారు. గోదావరి జిల్లాల మనిషి, ఎవరినీ ఏకవచనంతో పిలవరు, ఖైదీలని కూడా. ఒకసారి మందుల గదిలో నిద్రమాత్రలు, మత్తు ఇంజెక్షన్లు మాయమయ్యాయి. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. మిగిలినవన్నీ తన గదిలో బీరువాలోకి మార్పించి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. ఒక్క మాత్ర కావాలన్నా నేను ఆయన గదికి వెళ్లాలి, ఆయన గోడవైపు తిరిగి చొక్కా ఎత్తి తాళంచెవి తియ్యాలి. అత్యవసరంలో వాడే మందు ఒక మనిషి మొలకి వేలాడకూడదని నాకు తెలుసు. చెప్పలేదు. ఆయన అల్లం టీ చాలా బాగా ఇప్పించేవారు.

అంజమ్మ

ఒక గురువారం మధ్యాహ్నం అంజమ్మను తెచ్చారు. అరవై దాటిన మనిషి, తెల్లటి జుట్టు, రూపాయి కాసంత బొట్టు, కాళ్లకి వెండి కడియాలు. గచ్చిబౌలి పక్క ఊరే. వాళ్ల బర్రెలు చెరువుకి పోయే దారిలో ఒక కంపెనీ గోడ కట్టి, గోడ వెనక పచ్చగడ్డి పెంచింది. అంజమ్మ నాలుగు బర్రెల్ని తోలుకుని తిన్నగా ఆ గడ్డి మీదుగా నడిపించింది. అడ్డం వచ్చిన సెక్యూరిటీ ఆఫీసరు నెత్తి మీద కట్టెతో ఒకటిచ్చింది. అతనికి మూడు కుట్లు పడ్డాయి, ఆమెకి రిమాండు పడింది. వరసగా సెలవులు రావడంతో సోమవారం దాకా బెయిలు లేదన్నారు.

ఆమెకి జైలు గురించి బెంగలేదు. ఒక బర్రె ఈనడానికి ఉందట, అదొక్కటే బెంగ. గేటు అవతల ఊచలు పట్టుకుని నిలబడ్డ కొడుక్కి ఏ గాబులో ఎంత కుడితి పొయ్యాలో పురమాయిస్తూనే ఉంది. నేను కుర్చీ వేయించాను. బీపీ ఉందా అమ్మా, షుగరు ఉందా అని అడిగాను. ఏదీ లేదంది. తర్వాతి గడి అలవాట్లు.

నేను తలెత్తి ఆమెను చూశాను. అచ్చం మా పెద్దమ్మలా ఉంది. పక్కన కానిస్టేబులు, ఎదురుగా కొడుకు, వెనక పదిమంది మొగవాళ్లు. అంత పెద్దావిడని పట్టుకుని తాగుతావా అని ఎట్లా అడగను? మా ఊళ్లో అయితే చెంప పగిలేది. అడగకుండానే లేవు అని రాసి, సంతకం పెట్టి, నా సంస్కారానికి నేనే మురిసిపోయాను. ఆ చిన్న మాట ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

యాదగిరి ఆ రోజు లేడు. బావమరిది పెళ్లని శనివారం మధ్యాహ్నం దాకా సెలవు పెట్టాడు. ఉంటే ఈ కథ రాసే అవసరం ఉండేది కాదు.

శుక్రవారం ఆడవాళ్ల గది చూసుకునే వార్డరు సరోజన వచ్చి, ముసలామె రాత్రంతా నిద్రపోలేదు, చేతులు వణుకుతున్నాయి, అన్నం ముట్టడం లేదు అని చెప్పింది. కొత్త చోటు, భయం అన్నాను. గ్యాస్ మాత్ర రాసిచ్చాను. ఏమీ తోచనప్పుడు డాక్టర్లు రాసే మాత్ర అది.

శనివారం పొద్దున సరోజన మళ్లీ వచ్చింది. ఈసారి పరుగెత్తుకుంటూ వచ్చింది. వెళ్లి చూద్దును కదా, అంజమ్మ గది మధ్యలో నిలబడి చప్పట్లు కొడుతూ గోడ మీది బర్రెల్ని అదిలిస్తోంది. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తోంది. నన్ను చూసి, చచ్చిపోయిన మరిది అనుకుని, బావి నీళ్లల్లో మా వంతు ఎందుకు మింగినవురా అని కాలరు పట్టుకుంది. గదిలోని ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్లంతా చెమట, చేతులు ఆగకుండా వణకడం, చూపు ఒకచోట నిలవకపోవడం, అన్నీ నా కళ్లముందే ఉన్నాయి. కానీ నేను నాటకాలు పట్టుకునే డాక్టరుని కదా. బర్రె ఈనే వేళకి దవాఖాన పేరు చెప్పి బయటపడాలని ఎత్తు వేసింది అనుకున్నాను.

నా పాత అస్త్రం తీశాను. సరోజనతో గట్టిగా, నిజంగా మతి తప్పితే ఎడమ చెయ్యి వణకాలమ్మా అన్నాను. ఎడమ చెయ్యి వణికింది. చూశావా అన్నట్టు కళ్లెగరేశాను. సరోజన నసుగుతూ, రెండు చేతులూ పొద్దటి నుంచీ వణుకుతూనే ఉన్నాయి కదా సార్ అంది. ఆమెకి తెలివి ఎక్కువ, ముందే మొదలుపెట్టింది అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి.

బీరువా

మధ్యాహ్నం యాదగిరి వచ్చాడు. పెళ్లి లడ్డూలు అందరికీ పంచుతూ ఆడవాళ్ల గది దాకా వెళ్లాడు. రెండు నిమిషాల్లో నా గదికి వచ్చి, లడ్డూల డబ్బా బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేశాడు.

"సార్, ముసలామెకు కల్లు ఎప్పుడు బందైంది?"

నేను నవ్వాను. అంత పెద్దావిడకి కల్లేమిటయ్యా అన్నాను.

"మా అమ్మ తాగుతది. మా పెద్దమ్మ తాగుతది. పొద్దూకితే వాకిట్ల కూసోని ఇంటిల్లిపాది తాగుతరు. గండ్ల తప్పేముంది సార్? మీరు అడిగిన్రా ఈమెను?"

కాగితం తీసి చూశాను. అలవాట్లు అన్న చోట నా గుండ్రటి చేతిరాతలో లేవు అని ఉంది. అడిగితే లేదంది అని అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను కూడా. యాదగిరి నా మొహం వైపే చూస్తున్నాడు. మూసుకున్నాను.

ఈ సంగతి మీకు ఏ పాఠంలోనూ ఉండదు కాబట్టి చెబుతున్నాను. చెట్టు నుంచి దింపిన కల్లు వేరు, నగరం అంచున కాంపౌండులనే కల్లు దుకాణాల్లో సీసాల్లో అమ్మే కల్లు వేరు. చాలాచోట్ల రెండోదాంట్లో నిద్రమత్తు మందులు కలిపేవారు. ఏళ్ల తరబడి తాగినవాళ్లకి ఒంట్లో రక్తం ఎంతో అదీ అంతే. ఉన్నట్టుండి ఆపేస్తే రెండో రోజో మూడో రోజో ఒళ్లు తిరగబడుతుంది. వణుకు, చెమట, లేనివి కనపడటం, ఆ తర్వాత మూర్ఛలు. పట్టించుకోకపోతే మనిషి పోతాడు. అదే జాతి మందు సరైన మోతాదులో ఇచ్చి మెల్లమెల్లగా తగ్గించడమే దానికి వైద్యం. నేను గ్యాస్ మాత్ర ఇచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మేం గదికి చేరేలోగా సరోజన కేక వినిపించింది. అంజమ్మ కట్టెలా బిగుసుకుని కింద పడింది. కాళ్లూ చేతులూ అన్నీ ఒకేసారి కొట్టుకున్నాయి. ఏది కొట్టుకోవాలో ఈసారి నేను చెప్పనక్కర్లేకపోయింది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోరు తుడిచి, యాదగిరీ ఇంజెక్షన్ అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఇంజెక్షన్ బీరువాలో ఉంది. తాళంచెవి సూపరింటెండెంటు గారి మొలకి ఉంది. ఆయన, మా ఎస్కార్టు పోలీసులు, జీపు, అందరూ మాదాపూర్ వైపు ఉన్నారు. కొత్త గాజు మేడ చూడటానికి విదేశాల నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చాడు. రోడ్లన్నీ మూసేశారు. ఆయన ఏ మూల నిలబడ్డారో ఏ ఫోనుకి చెప్పాలి?

యాదగిరి అన్నాడు, గేటు అవతలే కల్లు కాంపౌండు ఉంది, ఒక సీసా పట్టుకొస్తానని. చూశారా చోద్యం. ఆ మందు సర్కారు దగ్గర బీరువాలో ఉంది, రోడ్డు అవతల సీసాల్లో ధారాళంగా దొరుకుతోంది. వద్దన్నాను. మూర్ఛలో ఉన్న మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీరూ ఎన్నడూ పొయ్యకండి, మంచినీళ్లయినా సరే.

మూర్ఛ ఆగి, మళ్లీ మొదలైంది. మధ్యలో ఆమెకి తెలివి రాలేదు. పెదాలు నల్లబడుతున్నాయి. సోమవారం బెయిలు వచ్చే మనిషి ఇవాళ నా చేతిలో పోతుందని నాకు స్పష్టంగా తెలిసింది. అప్పుడు ఒక పేరు తట్టింది. యాదగిరితో సత్తయ్యని పిలుచుకురా అన్నాను.

సత్తయ్య వచ్చాడు. సూపరింటెండెంటు గారి గదిలో బీరువా చూపించి, ఇది తియ్యాలి అన్నాను. అతను బీరువాని చూశాడు, నన్ను చూశాడు, చేతులు కట్టుకున్నాడు. మళ్లీ ఏదో పరీక్ష పెడుతున్నానని అనుకున్నాడు పాపం. నా మాట ఎందుకు నమ్మాలి? పది రోజుల కిందట పదిమందిలో నవ్వులపాలు చేసినవాణ్ని.

"నాకు మంగళవారం బెయిలుంది సార్. గీ పని జేస్తే ఇంకో కేసు రాస్తరు. మీరు రాసియ్యిన్రి."

మందుల చీటీ మీద, ఈ బీరువా నా ఆజ్ఞ మీద తెరవబడింది, బాధ్యత నాది అని రాసి సంతకం చేశాను. యాదగిరితో రెండుసార్లు చదివించుకుని, మడిచి, అంగీ లోపల పెట్టుకున్నాడు. అంజమ్మని కనిపెట్టుకుని ఉన్న సరోజన తన జడపిన్ను తీసి పంపింది. గది గుమ్మంలో ఉన్న హెడ్ వార్డరు గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి, ఆ నెలలో ఏకాదశి ఎప్పుడో చాలా శ్రద్ధగా చూడసాగాడు. నేను చేతికి తొడుగులు వేసుకోవడానికి పట్టేంత సేపు కూడా పట్టలేదు, బీరువా తెరుచుకుంది.

"తాళం మంచిది గాదు సార్. సారుకు జెర చెప్పున్రి," అన్నాడు సత్తయ్య.

నరం దొరకడానికి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. మందు మెల్లగా, చాలా మెల్లగా ఎక్కించాను. తొందరపడితే ఊపిరి ఆగిపోతుంది. నా జీవితంలో అంత నెమ్మదిగా ఏ పనీ చెయ్యలేదు. కొట్టుకోవడం తగ్గింది, ఆగింది. ఊపిరి లెక్కపెడుతూ పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నం రాళ్లు పేలిన మోతకి కిటికీ అద్దాలు అదిరాయి. అంజమ్మ కదలలేదు, కానీ ఊపిరి ఆడుతోంది. యాదగిరి అప్పుడు గానీ నుదురు తుడుచుకోలేదు.

ఎస్కార్టు లేకుండా ఖైదీని గేటు దాటించడం నేరం. మందు దిగాక మళ్లీ మూర్ఛ వస్తే మా జైల్లో చెయ్యగలిగింది ఏమీ లేదు. కూరగాయలు దించిన వ్యాను అప్పుడే తిరిగి పోతోంది. అంజమ్మని గోనెసంచుల మీద పడుకోబెట్టి, సరోజన యూనిఫాంలో ఒక పక్కన, నేను సెలైన్ సీసా పట్టుకుని ఇంకో పక్కన, హఫీజ్‌పేట్ మీదుగా చుట్టు తిరిగి పెద్ద దవాఖానకి తీసుకుపోయాం. దారిలో ట్రాఫిక్ వాళ్లు ఆపారు. విదేశీ అతిథి కోసం దారి క్లియర్ చేస్తున్నాం, వెనక్కి తిప్పండి అన్నారు. సరోజన దిగలేదు, అరవలేదు. వ్యాను వెనక పరదా ఎత్తి, ఈమెను మీరు దించుకుంటే మేం వెనక్కి పోతాం అంది. దారి వదిలారు.

సంజాయిషీ

ఆదివారం పొద్దున సూపరింటెండెంటు గారు పిలిపించారు. టీ ఇప్పించలేదు. అంటే విషయం తీవ్రంగా ఉందన్నమాట.

"డాక్టరు గారూ, మా బీరువా ఎవరు తెరిచారండి?"

నేనేనండి అన్నాను.

"మీకు తాళాలు తియ్యడం కూడా వచ్చాండి?"

సర్జరీలో కొంచెం నేర్పిస్తారండి అన్నాను. ఆయన లేచి బీరువా దగ్గరికి వెళ్లి తాళం తిప్పి చూశారు. ఆ తాళానికి గీత కూడా పడలేదు. జైల్లో అంత శుభ్రంగా ఎవరు తియ్యగలరో ఆయనకి తెలియక కాదు. సత్తయ్య పేరు నేను చెబితే కేసు రాయాలి, చెప్పకపోతే రాయనక్కర్లేదు. ఆయన అడగలేదు. నాకు మెమో ఇచ్చారు, సంజాయిషీ రాసిచ్చాను. అందులో బీరువా, వ్యాను సంగతి నాలుగు లైన్లు, అలవాట్ల గడి సంగతి నలభై లైన్లు రాశాను. చదివి, ఇది మిమ్మల్ని ఎవరూ అడగలేదు కదండి అన్నారు. అవునండి, అదే గొడవ అన్నాను.

ఆయన చెడ్డవారు కాదు, భయస్తులు. మన శాఖలో చెడ్డవాళ్ల వల్ల పోయిన ప్రాణాల కంటే భయస్తుల వల్ల పోయినవి ఎక్కువని నా నమ్మకం. అందులో నేనూ ఉన్నాను, గేటు దగ్గర ఒక ముసలమ్మని ఒక్క మాట అడగడానికి భయపడినవాణ్ని. ఆ వారంలోనే ఆయన కొత్త తాళం కొని రెండో చెవి నా చేతికిచ్చారు. సత్తయ్యకి మంగళవారం బెయిలు వచ్చింది. పోతూ పోతూ చీటీ తిరిగి ఇచ్చేస్తాడనుకున్నాను. ఇవ్వలేదు.

అంజమ్మకి సోమవారమే బెయిలు వచ్చింది గానీ దవాఖానలోనే ఉంచారు. బుధవారం చూడటానికి వెళ్లాను. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కాళ్ల దగ్గర నిలబడ్డ కొడుకుని ఏదో తిడుతోంది. బర్రె ఈనింది, దున్నదూడ పుట్టిందట. దానికి కూడా కొడుకునే అంటోంది. చేతులు కొంచెమే వణుకుతున్నాయి. నన్ను మరిది అనుకోలేదు. సరోజన అంతా చెప్పిందట. నువ్వేనా బిడ్డా నాకు సూదిచ్చింది అని చెయ్యి పట్టుకుంది. వారం ఆలస్యంగా ఆ ప్రశ్న అడిగాను.

"అమ్మా, కల్లు రోజూ ఎంత తాగేదానివి?"

"పొద్దుగాల రెండు సీసలు, పొద్దూకినంక మూడు."

మొదటి రోజే చెప్పి ఉంటే నీకింత కష్టం వచ్చేది కాదు కదమ్మా అన్నాను. తప్పు నాదే అయినా డాక్టరు నోరు అట్లాగే అంటుంది.

"నువ్వు అడుగలె. అడిగినా నేను చెప్పకపోదును బిడ్డా. గంతమంది ముంగట ఎట్ల చెప్త?"

ఆ మాట అని నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కొంటెతనం నాకు ఆలస్యంగా అర్థమైంది.

"నువ్వు తాగుతవా సారు?"

మంచం చుట్టూ వార్డు నర్సు ఉంది, ఇద్దరు హౌస్ సర్జన్లు ఉన్నారు, ఆమె కొడుకు ఉన్నాడు, పక్క మంచం వాళ్లు మెడలు సాచి వింటున్నారు. ముందురోజు సాయంత్రం స్నేహితుడి ఇంట్లో, మెమో వచ్చిన బాధలో, రెండు పెగ్గులు వేసి మూడోది కూడా పోయించుకున్నాను. ఆ వారంలో అది మొదటిసారి కూడా కాదు.

"అలవాటు లేదమ్మా," అన్నాను.

అంజమ్మ నర్సు వైపు చూసింది, హౌస్ సర్జన్ల వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసి, ఉన్న నాలుగు పళ్లూ కనపడేట్టు నవ్వింది.

"అయితే నాక్కూడ గట్లనే రాస్కో బిడ్డా."